క్వీన్స్‌లో ఒక శనివారం: నాన్న శాకాహారి, తమ్ముడు సర్వభక్షకుడు. ఎక్కడ దిగాలి, ఏం తినాలి?

ఎడిసన్_సూరి

అందరికీ నమస్తే. నేనుండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చారు, జూన్ ఆఖరుదాకా ఉంటారు. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ, టైమ్స్ స్క్వేర్, నయాగరా అన్నీ అయిపోయాయి. ఇప్పుడు నాన్న కొత్త కోరిక బయటపెట్టారు. "న్యూయార్క్‌లో అన్ని దేశాల వాళ్లూ ఉంటారంటావు కదా, వాళ్లేం తింటారో చూపించరా" అన్నారు. ఆయన గుడ్డు కూడా ముట్టరు. అమ్మ తినేది ఆయన తిన్నదే. తమ్ముడు బఫెలోలో ఎమ్మెస్ చేస్తున్నాడు, వాడికి ఏ పట్టింపూ లేదు.

మ్యాన్‌హట్టన్‌లో ఓ మోస్తరు రెస్టారెంటుకు నలుగురం వెళ్లినా చాలు, నాన్న బిల్లును రూపాయల్లోకి మార్చుకుని రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడరు. ఆఫీసులో, న్యూయార్క్ నగరంలోనే మరో భాగమైన క్వీన్స్ వెళ్లమన్నారు. ఒక్క శనివారంలో తేలిపోవాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు. తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

గుంటూరు_కారం

ఎడిసన్‌లో మన కొట్లన్నీ ఉండే ఓక్ ట్రీ రోడ్డు పొలిమేర దాటిస్తున్నారు, అందుకే మీకో దండం బ్రో. మా అత్తగారు ఆర్నెల్లు ఉండి వెళ్తూ "అమెరికాలో మన తిండి తప్ప ఇంకేమీ దొరకనట్టుంది" అన్నారు.

రైలుబండి

తిండి సంగతి మిగతావాళ్లు చూసుకుంటారు, నేను దారి చెబుతా. కారు తీయకండి. రూజ్‌వెల్ట్ అవెన్యూ చుట్టూ పార్కింగ్ కోసం తిరిగేసరికి ఆకలి చచ్చిపోతుంది. ఎడిసన్‌లో ఎన్జే ట్రాన్సిట్ ఎక్కి పెన్ స్టేషన్‌లో దిగండి. అక్కడి నుంచి చాలామంది టైమ్స్ స్క్వేర్ దాకా నడిచి 7 నంబరు రైలు ఎక్కుతారు. అమ్మగారికి ఆ నడక దండగ. పెన్ స్టేషన్ దగ్గరే 'ఇ' రైలు ఉంది. క్వీన్స్‌లోకి వెళ్లాక అది ఎక్స్‌ప్రెస్, మధ్యలో పెద్దగా ఆగకుండా జాక్సన్ హైట్స్-రూజ్‌వెల్ట్ అవెన్యూలో దింపేస్తుంది. అదే స్టేషన్ పైన 74వ వీధి దగ్గర 7 నంబరు ఆగుతుంది. లిఫ్టులున్నాయి.

లిఫ్టున్న స్టేషన్లు చూసుకుని దిగితే మోకాళ్ల గొడవ ఉండదు. 7 నంబరు లైన్‌లో మీకు పనికొచ్చేవి: వుడ్‌సైడ్ 61వ వీధి, 74వ వీధి, జంక్షన్ బులవార్డ్, చివరిది ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్. 82, 90 దగ్గర మెట్లే.

ఈ లైన్ కరోనా పేట దాకా 1917కే వచ్చింది, ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్‌కు 1928లో చేరింది. క్వీన్స్‌లో చాలా మేర ఇనుప స్తంభాల మీద పోతుంది, కింద రోడ్డు, రోడ్డుకు రెండు పక్కలా కొట్లు. నాన్నగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. బోర్డుల మీద లిపి మారుతూ ఉంటుంది. వుడ్‌సైడ్‌లో ఐరిష్ బార్ల పక్కనే ఫిలిప్పీన్స్ వాళ్ల హోటళ్లు, 74 దగ్గర మనవాళ్లు, బంగ్లాదేశీలు, నేపాలీలు, ఆ పైన కొలంబియా, ఎక్వడార్, మెక్సికో, చివర చైనా, కొరియా.

శనివారాల్లో ట్రాక్ పనులు పెడుతుంటారు. ముందురోజు రాత్రి ఎంటీఏ (నగర రైళ్లు నడిపే సంస్థ) యాప్ చూసుకోవాలి.

లెక్కల_మాస్టారు

ఒక మాట చెబితే ఏమనుకోకండి. ఈ "ప్రపంచమంతా ఒకే రైలు లైన్‌లో" అనే వర్ణనలు విని విని విసుగొచ్చింది. నేనూ వెళ్లాను. ఫ్రిజ్‌లోంచి తీసిన మోమోలు, చల్లారిన ఎంపనాడాలు (కజ్జికాయల్లాంటివి), నిలబడి తినడం. పెద్దవాళ్లను ఎండలో తిప్పి అట్ట ప్లేట్లలో పెట్టేకంటే ఒక మంచి చోట కూర్చోబెట్టడం నయం.

జాక్సన్‌హైట్స్_లక్ష్మి

మాస్టారు గారూ, మీరు వెళ్లిన చోటు ఎవరు చెప్పారో గాని, ఇక్కడ అన్ని కొట్లూ బాగుంటాయని నేనూ అనను. నేను ఈ పేటలో కాపురం పెట్టినప్పటి నుంచి తెరిచి మూసేసిన హోటళ్లు బోలెడు. బాగున్నవేవో తెలుసుకోవడానికి ఒకటే చూస్తాను: లోపల కూర్చున్నవాళ్లు ఆ దేశం వాళ్లేనా, కాదా. అంతే. మ్యాన్‌హట్టన్‌లో థాయ్ హోటల్ నడిచేది థాయ్ వాళ్ల మీద కాదు, అందుకని కారం తగ్గిస్తారు, పంచదార పెంచుతారు. మా పక్క పేట ఎల్మ్‌హర్స్ట్‌లో థాయ్ వాళ్ల గుడి ఉంది, గుడికొచ్చే జనం ఉన్నారు, వాళ్లు తినకపోతే హోటల్ మూతపడుతుంది. రుచి తగ్గిస్తే ఊరుకోరు.

సూరీ, మీ నాన్నగారు "వీళ్లంతా ఇక్కడికే ఎందుకొచ్చారు" అని తప్పకుండా అడుగుతారు, అందుకని రైల్లో చెప్పుకోవడానికి కొంచెం సరుకు. 1924లో అమెరికా దేశాలవారీ కోటాలు పెట్టి యూరప్ వాళ్లకు, అందులోనూ ఉత్తర, పశ్చిమ యూరప్ వాళ్లకు పెద్దపీట వేసింది. ఆసియాకు దాదాపుగా తలుపులు మూసేసింది. 1946లో కాస్త సడలించాక కూడా మన దేశానికి కోటా ఏడాదికి 100 మంది! 1965 అక్టోబర్ 3న ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ దగ్గర కొత్త చట్టం మీద సంతకం పెట్టాక ఆ కోటాలు పోయాయి. ముందు డాక్టర్లు, నర్సులు, ఇంజినీర్లు వచ్చారు, తర్వాత వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మ్యాన్‌హట్టన్ కంటే అద్దెలు తక్కువ, పనికి పోవడానికి రైలుంది, కాబట్టి క్వీన్స్‌లో దిగారు. 2020 జనాభా లెక్కల్లో ఇక్కడ 24 లక్షల జనం. అందులో సగానికి దగ్గర దగ్గరగా వేరే దేశంలో పుట్టినవాళ్లే.

ఇక మా పేట. 74వ వీధి ఒకప్పుడు పూర్తిగా మనవాళ్లదే, చీరలు, బంగారం, పటేల్ బ్రదర్స్. ఎడిసన్‌లో అవన్నీ మీకున్నాయి, ఆగకండి. పక్కనున్న 73వ వీధి బంగ్లాదేశీలది. 2023లో దానికి బంగ్లాదేశ్ స్ట్రీట్ అని పేరు కూడా పెట్టారు. అక్కడ బండ్ల మీద ఫుస్కా అమ్ముతారు. మన పానీపూరీకి దగ్గర చుట్టమే గాని, పైన ఉడికించిన గుడ్డు తురుము చల్లుతారు. నాన్నగారికి గుడ్డు వద్దని ముందే, వాళ్లు చెయ్యి పెట్టకముందే చెప్పాలి.

నేనైతే ముందు లాఫింగ్ తినిపిస్తాను. టిబెట్ వాళ్లది. పెసల నుంచి తీసిన గంజితో చేసిన పలుచటి పొర, చల్లగా, జారిపోతూ ఉంటుంది. దాని మీద వెల్లుల్లి నీళ్లు, సోయా సాస్, మిరప నూనె. మాంసం లేకుండా చేయడం మామూలే. ఆ మిరప నూనెకు తెనాలి వాళ్లు కూడా ఒక గ్లాసు మంచినీళ్లు దగ్గర పెట్టుకుంటారు. తర్వాత కూరగాయల మోమోలు ఒక్క ప్లేటు, నలుగురూ పంచుకోండి. కడుపు నింపేయకండి, ఇంకా చాలా దూరం పోవాలి.

డైవర్సిటీ ప్లాజా అని 37వ రోడ్డులో వాహనాలు రాకుండా ఆపేసిన చిన్న ఖాళీ జాగా ఉంది. కూర్చోవడానికి బల్లలున్నాయి. అమ్మగారిని అక్కడ కూర్చోబెట్టి మీరూ మీ తమ్ముడూ తెచ్చిపెట్టండి. పక్క బల్ల మీద ఎవరో ఒకరు బంగ్లాదేశ్ రాజకీయాలో, నేపాల్ రాజకీయాలో గట్టిగా వాదించుకుంటూ ఉంటారు. మన ఊరి రచ్చబండకు వెళ్లినట్టే ఉంటుంది, భాష ఒక్కటే తేడా.

ఎడిసన్_సూరి

లక్ష్మి గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. లాఫింగ్ పేరు వినగానే నాన్న "నవ్వుతూ తినాలా?" అన్నారు. ఇక దానికే ఓటు.

బ్రాంక్స్_డాక్టర్

తమ్ముడి కోసం వుడ్‌సైడ్‌లో దిగమని నా సలహా. 61వ వీధి స్టేషన్ నుంచి 69 దాకా రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద ఫిలిప్పీన్స్ వాళ్ల దుకాణాలే. ఎల్మ్‌హర్స్ట్ ఆసుపత్రి దగ్గరే ఉంది, ఆ చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటికీ ఫిలిప్పీన్స్ నుంచి నర్సులు దశాబ్దాలుగా వస్తున్నారు. నేను రెసిడెన్సీ చేసినప్పుడు నైట్ డ్యూటీలో నన్ను బతికించింది వాళ్ల డబ్బాలే. సినిగాంగ్ అని చింతపండు పులుసు పెడతారు. పంది మాంసంతోనో, రొయ్యలతోనో, చేపతోనో. ముల్లంగి, బెండకాయ, వంకాయ, కొన్నిసార్లు తోటకూర లాంటి ఆకు కూడా వేస్తారు. మొదటి గరిటెకే ఇల్లు గుర్తొచ్చి గొంతు పట్టుకుంది.

జొల్లీబీ అని వాళ్ల దేశపు ఫ్రైడ్ చికెన్ చైన్ ఉంది, 2009లో ఈ వుడ్‌సైడ్‌లోనే ఈస్ట్ కోస్ట్ మొదటి బ్రాంచి తెరిచారు. దాంట్లో స్పగెట్టి తియ్యగా ఉంటుంది, పైగా సాసేజ్ ముక్కలు. తమ్ముడికి వింతగా ఉండొచ్చు, పిల్లలకు మాత్రం పండగ.

నాన్నగారికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. హాలో-హాలో ఇప్పించండి, తురిమిన ఐసు, పాలు, తీపి బీన్స్, ఊబె దుంప. కొందరు పైన గుడ్డు వేసిన ఫ్లాన్ ముక్క పెడతారు, అది తీసేయమనాలి.

శాకంభరి

ఆగండాగండి. శాకాహారం విషయంలో అందరూ తేలిగ్గా చెప్పేస్తున్నారు. "వెజిటేరియన్" అంటే ఎదుటివాళ్లకు అర్థమయ్యేది ముక్కలు కనిపించకపోవడం. మన పట్టింపు అది కాదు. నేను ఈ నగరంలో ఇన్నేళ్లు గుడ్డు కూడా తినకుండా నెట్టుకొచ్చాను కాబట్టి ఎక్కడ చిక్కుకుంటారో చెబుతాను.

థాయ్ కూర కూరగాయలతోనే చేసినా అందులో చేప సాస్ ఉంటుంది. కూర ముద్దలోనే రొయ్యల పేస్టు కలిపేసి ఉంటుంది, అడిగినా తీయలేరు. ఇండోనేషియా వాళ్ల గాడో-గాడో చూడ్డానికి ఉడికించిన కూరలూ వేరుశెనగ చట్నీ, లోపల మళ్లీ అదే రొయ్యల పేస్టు ఉండొచ్చు, పైన గుడ్డు సరేసరి. కొరియన్ కిమ్చిలో చేప సాసో, ఉప్పు రొయ్యలో వేస్తారు. చైనీస్ హోటల్లో మాపో టోఫు, బీన్స్ వేపుడు ఆర్డరిస్తే టోఫూ కూరగాయలే కదా అనుకుంటాం, సన్నగా తరిగిన పంది మాంసం కలిపి వస్తుంది.

మెక్సికన్ తమాలే అంటే ఆవిరి మీద ఉడికించే మొక్కజొన్న పిండి ముద్ద, ఆ పిండిలో పంది కొవ్వు కలుపుతారు. జున్నూ మిరపకాయా పెట్టిన తమాలే కూడా అంతే, పిండి ఒకటే కదా. చిక్కుడు గింజల ముద్ద కూడా చాలాచోట్ల ఆ కొవ్వులోనే వేయిస్తారు. బండి దగ్గర ఇంగ్లీషు రాకపోతే "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ మాంతేకా" అని అడగండి. మాంసం, కోడి, పంది కొవ్వు లేకుండా అని. ఈ మూడు మాటలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఇక నిశ్చింతగా తినదగినవి: లక్ష్మి గారు చెప్పిన లాఫింగ్ (సాసులో ఏముందో ఒకసారి అడిగి). అస్టోరియాలో ఈజిప్టు వాళ్ల కొషరీ. అన్నం, పప్పులు, మ్యాకరోనీ, శెనగలు, టొమాటో సాస్, పైన కరకరలాడే ఉల్లిపాయలు. వాళ్ల ఊళ్లో సామాన్యుడి భోజనం. ఫ్లషింగ్‌లో చల్లటి లియాంగ్‌పీ నూడుల్స్. ఇంకా చైనా బౌద్ధుల శాకాహార హోటళ్లు, అక్కడ ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మా అత్తగారు ఏకాదశినాడు కూడా అక్కడ తింటానన్నారు, బియ్యం సంగతి గుర్తొచ్చి మానేశారు.

పాలమూరు_పోరడు

శాకంభరి అక్కా, మీరు చెప్పినవన్నీ విన్నాక నాకు ఇంకా ఆకలైంది :) తమ్ముడి తరఫున నేను మాట్లాడుతా.

సూరి అన్నా, 78వ వీధి దగ్గర సాయంత్రం బిర్రియా టాకోల బండి నిలబడుతుంది. బీఫ్ అది, ఇంట్లో అభ్యంతరం ఉంటే వదిలేయండి. టాకోను పులుసులో ముంచి కాలుస్తారు, పక్కన కప్పులో ఆ పులుసే తాగడానికి ఇస్తారు. ఫ్లషింగ్‌లో జీలకర్ర, మిరప వేసిన గొర్రె మాంసం బర్గర్ తినకుండా వస్తే వాడు నిన్ను జన్మలో క్షమించడు. ఆ షియాన్ ఫేమస్ ఫుడ్స్ 2005లో గోల్డెన్ షాపింగ్ మాల్ బేస్‌మెంట్‌లో చిన్న స్టాల్‌గా మొదలైంది, ఇప్పుడు నగరం నిండా బ్రాంచీలు. లియాంగ్‌పీ కూడా అక్కడే, నాన్నకూ తమ్ముడికీ ఒకే కౌంటర్‌లో పని అయిపోతది.

రీగో పార్క్, 108వ వీధి గురించి ఎవరూ చెప్పలేదేంటి? ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చిన బుఖారా యూదుల పేట. సోవియట్ యూనియన్ కూలిపోయాక సమర్‌ఖండ్, తాష్కెంట్ నుంచి వేలమంది వచ్చి దిగారు. ఊచలకు గుచ్చి కాల్చిన మాంసం, క్యారెట్లు వేసి వండిన ప్లోవ్ అనే పులావు, తందూరులో గోడకు కొట్టి కాల్చిన గుండ్రటి రొట్టె. బిర్యానీ ముత్తాత ఇట్ల ఉండేదేమో అనిపించింది నాకు.

జాక్సన్‌హైట్స్_లక్ష్మి

బాబూ, వాళ్లు వెళ్లేది శనివారం. అవన్నీ కోషర్ (యూదుల మత నియమాల ప్రకారం వండే) హోటళ్లు, శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకేదాకా మూసేస్తారు. ఆదివారం వెళ్లాలి అక్కడికి. ఇంకో సంగతి, కోషర్ పద్ధతిలో మాంసమూ పాలూ కలవవు. మాంసం వడ్డించే చోట పాల టీ అడక్కూడదు. గ్రీన్ టీ ఇస్తారు, మూత ఉన్న కూజాలో. బాగుంటుంది.

విశాఖ_తీరం

7 నంబరు రైలు అనగానే అందరూ దాని చుట్టూనే తిరుగుతున్నారు. దక్షిణాన రిచ్‌మండ్ హిల్ ఉంది, లిబర్టీ అవెన్యూ. గయానా, ట్రినిడాడ్ వాళ్లది. తెలుగువాళ్లం అక్కడికి ఎందుకు వెళ్లమో నాకు అర్థం కాదు.

1838 నుంచి 1917 దాకా బ్రిటిష్ వాళ్లు కూలి ఒప్పందాల మీద దాదాపు 2.39 లక్షల మందిని భారతదేశం నుంచి బ్రిటిష్ గయానా చెరకు తోటలకు తీసుకెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లిన బీహార్, ఉత్తరప్రదేశ్ వాళ్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు మనవాళ్లూ ఉన్నారు. అందరినీ కలిపి అక్కడ "మద్రాసీ" అనేవారు. అమ్మవారి జాతర పద్ధతులను వాళ్లు కాళీమాయి పూజ పేరుతో ఇప్పటికీ కాపాడుకుంటున్నారు, ఈ క్వీన్స్‌లో కూడా. భాష మాత్రం నిలవలేదు. నేనొక కొట్లో మాటల్లో మాది విశాఖపట్నం అని చెబితే, గల్లా దగ్గర పెద్దాయన తన ముత్తాత మద్రాసు ఓడలో వచ్చాడని, ఏ ఊరో తెలియదని చెప్పి, డబ్బులు తీసుకోనన్నాడు. నేను బలవంతంగా పెట్టి వచ్చాను.

తిండికొస్తే, సూరి గారి నాన్నగారికి ఇది స్వర్గం. ధాల్‌పూరీ అంటే ఉడికించి పొడిచేసిన బఠానీ పప్పు పెట్టి ఒత్తిన పెద్ద రొట్టె, బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి. డబుల్స్ ట్రినిడాడ్ వాళ్లవి, బారా అనే రెండు మెత్తటి వేయించిన రొట్టెల మధ్య శెనగల కూర, చింతపండు చట్నీ, కొంచెం మిరప సాస్. పొలోరీ అని పప్పు పిండి పునుగులు, పుల్లటి మామిడి చట్నీతో. ఆ మిరప సాస్ జాగ్రత్త, మన కారం కాదది, స్కాచ్ బానెట్ లాంటి మిరపకాయలు. పూజల్లో అయితే ఏడు కూరల భోజనం కలువ ఆకులో వడ్డిస్తారు, గుమ్మడికాయ, బచ్చలి, మామిడికాయ అన్నీ ఉంటాయి. హోటళ్లలో అట్ట డబ్బాలో ఇస్తారులెండి.

రైలుబండి

రిచ్‌మండ్ హిల్‌కు పెన్ స్టేషన్ నుంచి 'ఏ' రైలు. కానీ అన్ని 'ఏ' రైళ్లూ లెఫర్ట్స్ బులవార్డ్ వెళ్లవు, కొన్ని రాకవే వైపు తిరిగిపోతాయి. ముందు బోర్డు చదివి ఎక్కాలి. నన్నడిగితే రెండూ ఒకేరోజు పెట్టుకోకండి, రైళ్లలోనే సగం రోజు పోతుంది.

లెక్కల_మాస్టారు

సరే, రుచి సంగతి ఒప్పుకుంటా. మరి శుభ్రత? బండి మీద తిని పెద్దవాళ్లకు ఏమైనా అయితే? ఇన్సూరెన్సులో అదంతా ఉంటుందా?

జాక్సన్‌హైట్స్_లక్ష్మి

హోటళ్లకు ఊరి ఆరోగ్యశాఖ 2010 నుంచి అద్దంమీద అక్షరం అతికిస్తుంది. తప్పులకు పాయింట్లు వేస్తారు, 13 దాకా 'ఏ', 27 దాకా 'బి', ఆ పైన 'సి'. బండ్లకూ తర్వాత పెట్టారు. 'ఏ' చూసి తినండి. జనం ఎక్కువున్న బండి దగ్గర సరుకు నిలవ ఉండదు, అదొక భరోసా.

కానీ రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద చాలామంది దగ్గర ఆ అక్షరం ఎందుకుండదో కూడా తెలుసుకోవాలి. 1980లలో ఈ నగరం తిండి బండ్ల పర్మిట్లకు పరిమితి పెట్టింది, మొత్తం మీద సుమారు 3 వేలు. అమ్మేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు పెరిగారు. రెండేళ్లకు 200 డాలర్లు కట్టే పర్మిట్‌ను పాతవాళ్లు బ్లాకులో వేల డాలర్లకు అద్దెకిస్తారు. తెల్లవారుజామున తమాలేలు అమ్మే ఆవిడ అంత ఎక్కణ్ణుంచి తెస్తుంది? పర్మిట్ లేకుండా అమ్ముతుంది, జరిమానా కడుతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. 2021లో ఏటా 445 కొత్త లైసెన్సులు పదేళ్లపాటు ఇవ్వాలని చట్టం చేశారు. అది నత్తనడక నడిచింది.

కొందరు మాత్రం గట్టెక్కారు. మరియా కానో అని కొలంబియాలో జడ్జిగా చేసి వచ్చినావిడ, ఈ రైలు కిందే రాత్రిళ్లు అరెపాలు కాల్చి అమ్మేది. అందరూ "అరెపా లేడీ" అనేవారు. తర్వాత ఆ పేరుతోనే కుటుంబం రెస్టారెంటు పెట్టింది. అరెపా దె చోక్లో అంటే తీపి మొక్కజొన్న అట్టు మడిచి మధ్యలో జున్ను. నాన్నగారు తినొచ్చు, మాంసం ముక్కలేవీ వేయొద్దని ఒకమాట చెప్పండి.

లెక్కల_మాస్టారు

జడ్జి గారి అట్టు అయితే నేనూ తింటాను.

గుంటూరు_కారం

చివరికి ఏం జరుగుతుందో నేను చెప్పనా? సాయంత్రం ఆరింటికి ఫ్లషింగ్‌లో అందరూ అలిసిపోయి గణేశుడి గుడి క్యాంటీన్‌లో మసాలా దోసె తింటూ "ఇదే బాగుంది" అంటారు.

శాకంభరి

అంటే తప్పేముంది? బౌన్ స్ట్రీట్ గుడి 1977 జులై 4న ప్రతిష్ఠ చేసింది. ఈ దేశంలో హిందువులు కట్టుకున్న తొలితరం గుళ్లలో ఒకటి. బేస్‌మెంట్ క్యాంటీన్‌లో దోసె కోసం చైనా వాళ్లు, కొరియా వాళ్లు కూడా క్యూలో నిలబడతారు. మనం వాళ్ల లియాంగ్‌పీ తింటే వాళ్లు మన దోసె తింటున్నారు. మెయిన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి మైలు పైన ఉంటుంది, అమ్మగారిని నడిపించకండి, బస్సో క్యాబో తీసుకోండి.

ఎడిసన్_సూరి

నాన్నకు గుడి సంగతి చెప్పగానే ప్రోగ్రాం ఖాయమైపోయింది. ఇలా అనుకుంటున్నాం: పదకొండుకు జాక్సన్ హైట్స్, లాఫింగ్, మోమోలు, అరెపా. అక్కడి నుంచి 7 ఎక్కి ఫ్లషింగ్, తమ్ముడికి గొర్రె మాంసం బర్గర్, నాన్నకు లియాంగ్‌పీ. గుడి. మధ్యలో కరోనా పేటలో లెమన్ ఐస్ కింగ్ అని ఎక్కడో చదివాను, ఆగొచ్చా? సాయంత్రం క్వీన్స్ నైట్ మార్కెట్ పెట్టుకోవచ్చా? రిచ్‌మండ్ హిల్ ఇంకో ఆదివారం విడిగా వెళ్తాం, విశాఖ గారు అంత చెప్పాక వెళ్లకుండా ఉండలేం.

పాలమూరు_పోరడు

లెమన్ ఐస్ కింగ్ తప్పకుండా. 1944 నుంచి ఉన్న ఇటాలియన్ ఐసు కొట్టు, కరోనా పేట ఇటాలియన్లది అయినప్పటి గుర్తు. నిమ్మకాయ తీసుకుంటే గుడ్డు, పాల గొడవే లేదు. రెండు రుచులు ఒక కప్పులో కలిపి ఇమ్మంటే మాత్రం ఇవ్వరు. ఎంత బతిమాలినా ఇవ్వరు, బోర్డు పెట్టి మరీ చెప్తారు. నలుగురూ నాలుగు రకాలు తీసుకుని మార్చుకోండి.

రైలుబండి

స్టేషన్ నుంచి అది దూరమే. జంక్షన్ బులవార్డ్‌లో లిఫ్టుతో దిగి క్యాబ్ తీసుకోండి, తర్వాత అదే క్యాబ్‌లో గుడికి వెళ్లిపోవచ్చు. అంటే వరస మార్చండి: జాక్సన్ హైట్స్, ఐసు, గుడి, ఆఖరుగా ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్. ఎండ తగ్గాక ఫ్లషింగ్ ఫుట్‌పాత్‌ల మీద నడవడం కాస్త నయం, శనివారం మధ్యాహ్నం అక్కడ భుజం భుజం రాసుకుంటూ పోవాలి.

నైట్ మార్కెట్ 2015 నుంచి ఫ్లషింగ్ మెడోస్ పార్కులో, న్యూయార్క్ హాల్ ఆఫ్ సైన్స్ వెనక శనివారాల్లో పెడుతున్నారు. ఏ వంటకమైనా ధర 5, 6 డాలర్లు దాటకూడదని నిబంధన, నాన్నగారికి నచ్చే నిబంధన. కానీ కూర్చోవడానికి చోటు తక్కువ, జనం విపరీతం. పొద్దుణ్నుంచి తిరిగిన అమ్మగారితో వద్దు. మీరూ తమ్ముడూ ఇంకో శనివారం వెళ్లండి.

ఎడిసన్_సూరి

అలాగే అన్నా. అమ్మ కూడా అదే అంది, "మీరిద్దరూ ఊరేగండి, నేను ఇంట్లో చారు పెట్టుకుంటా" అని.

శాకంభరి

రెండు చిన్న విషయాలు. ఒకటి, చిల్లర. ఏటీఎంలో ఇరవై డాలర్ల నోట్లే వస్తాయి, బండ్ల దగ్గర ఒకటి, ఐదు నోట్లు ఉండాలి. చాలాచోట్ల కార్డు తీసుకోరు. రెండు, బాత్రూములు. ఇది ఎవరూ చెప్పరు, పెద్దవాళ్లతో వెళ్తే ఇదే పెద్ద టెన్షన్. చిన్న హోటళ్లలో కస్టమర్లకు మాత్రమే అంటారు, కొన్నిచోట్ల ఉండనే ఉండదు. జాక్సన్ హైట్స్‌లో మోమోలు కూర్చుని తినే హోటల్ చూసుకోండి, గుడిలో ఉన్నాయి, ఫ్లషింగ్‌లో న్యూ వరల్డ్ మాల్ ఫుడ్ కోర్టులో ఉన్నాయి. ఈ మూడింటి మధ్య ప్లాన్ చేసుకుంటే సరిపోతుంది.

లెక్కల_మాస్టారు

సూరి గారూ, ఏ శనివారమో చెప్పండి. జడ్జి గారి అట్టు దాకా నేనూ మా ఆవిడా వస్తాం. ఐసు కొట్టుకు క్యాబ్‌లో ఆరుగురు పడతారా?

రైలుబండి

పడతారు, పెద్ద క్యాబ్ బుక్ చేయాలి. సూరీ, తేదీ ఖాయమయ్యాక ఇక్కడ పెట్టు, ఆ రోజు ట్రాక్ పనులున్నాయేమో చూసి చెబుతా.